పాత మ్యాక్‌బుక్‌లో విండోస్: అను ఫాంట్లు, పేజ్‌మేకర్, ట్యాలీ నడిపే పద్ధతి

నమస్తే అండీ. హనుమకొండ నుంచి మాట్లాడుతున్నా. ఇంట్లో పాత మ్యాక్‌బుక్ ఉన్నవాళ్ల కోసం ఈ వీడియో. అమెరికాలో ఉన్న అన్నో అక్కో కొత్తది కొనుక్కుని పాతది మీకు పంపించి ఉంటారు, లేకపోతే సెకండ్‌హ్యాండ్‌లో దొరికి ఉంటుంది. మెషీన్ గట్టిగానే ఉంది, స్క్రీన్ బాగుంది. మీ పని మాత్రం విండోస్ పని. ప్రెస్ నడిపేవాళ్లకు తెలుగు టైప్ చేసే అను స్క్రిప్ట్ మేనేజర్, పేజీలు డిజైన్ చేసే పేజ్‌మేకర్ కావాలి. ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణం ఉన్నవాళ్లకు లెక్కలు రాసుకునే ట్యాలీ కావాలి. ఇంజనీరింగ్ పిల్లలకు ల్యాబ్‌లో చెప్పే సాఫ్ట్‌వేర్ కావాలి.

చాలామంది ఇక్కడే ఆగిపోయి, ఆ మ్యాక్‌బుక్‌ను అగ్గువకు అమ్మేస్తున్నారు. ఆగండి. పాత విండోస్ సాఫ్ట్‌వేర్ నడపడానికి కొత్త మ్యాక్‌బుక్ కంటే మీ దగ్గరున్న పాతదే మేలు. ఈ మాట ఊరికే అనడం లేదు, కారణం ఉంది.

ఆపిల్ 2006 నుంచి తన ల్యాప్‌టాప్‌లలో ఇంటెల్ చిప్ పెట్టింది. 2020 నవంబర్‌లో ఎం1 అనే సొంత చిప్‌కు మారడం మొదలుపెట్టింది. మన ఆఫీసుల్లో, ప్రెస్సుల్లో కనిపించే విండోస్ ప్రోగ్రాములన్నీ దాదాపుగా ఇంటెల్ రకం చిప్ కోసం రాసినవే. ఎం1, ఎం2 మెషీన్లలో ఆ చిప్ లేదు కాబట్టి ప్రతి ఆదేశాన్నీ సాఫ్ట్‌వేర్ అనువాదం చేసుకుంటూ నడపాలి. అసలైన ఎమ్యులేషన్ అంటే అదే. మొత్తం విండోస్‌ను అలా నడిపితే బాగా నెమ్మదిస్తుంది. మీ పాత ఇంటెల్ మ్యాక్‌లో ఆ అనువాదం అక్కర్లేదు. చిప్ అదే, భాష అదే. అందుకే ఇక్కడ మనం వాడేది వర్చువల్ మెషీన్. అందరూ దీన్ని కూడా ఎమ్యులేటర్ అనే పిలుస్తారు, పిలవనివ్వండి, పని ముఖ్యం.

వర్చువల్ మెషీన్ అంటే మ్యాక్ లోపలే ఇంకో కంప్యూటర్‌లాగా విండోస్‌ను నడపడం. మీ ఇంట్లో ఒక పోర్షన్ కిరాయికి ఇచ్చినట్టు. వాళ్ల తలుపు వాళ్లది, వాళ్ల వంటిల్లు వాళ్లది, నీళ్ల ట్యాంకు మాత్రం ఇద్దరికీ ఒకటే. ఆ ట్యాంకు మన ర్యామ్. వాళ్లకు ఎంత ఇవ్వాలి, మనకు ఎంత ఉంచుకోవాలి అన్నదే ఈ పనిలో అసలు విషయం.

సరే, మొదటి పని. పైన ఎడమ మూలలో ఆపిల్ గుర్తు నొక్కి, అబౌట్ దిస్ మ్యాక్ తెరవండి. మూడు విషయాలు చూడాలి. ప్రాసెసర్ దగ్గర ఇంటెల్ అని ఉందా. మెమరీ, అంటే ర్యామ్, ఎంత. మ్యాక్‌ఓఎస్ ఏ వెర్షన్, అంటే హై సియెర్రా, మాంటెరీ లాంటి పేరు ఏది. ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకోండి.

మెమరీ 8 జీబీ ఉంటే ఏ టెన్షన్ లేదు. 4 జీబీయే ఉంటే ఒక్క నిమిషం ఆలోచించాలి. మ్యాక్‌బుక్ ఎయిర్ అయితే ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, ఎవరూ పెంచలేరు. ఎవరైనా పెంచుతామని డబ్బులు అడిగితే ఇవ్వకండి. 2012లో వచ్చిన 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో, సీడీ డ్రైవ్ ఉన్నది, వేరే రకం. వెనకాల మూత స్క్రూలు తీస్తే రెండు ర్యామ్ స్లాట్లు కనిపిస్తాయి. 16 జీబీ దాకా పడుతుంది. మామూలు ల్యాప్‌టాప్‌లకు వాడే డీడీఆర్3, 1600 మెగాహెర్ట్జ్ ర్యామ్ చాలు. పాత హార్డ్ డిస్క్ ఉంటే తీసేసి సాటా ఎస్‌ఎస్‌డీ, అంటే దానికంటే చాలా వేగంగా పనిచేసే డిస్క్, పెట్టండి. ఈ వీడియో మొత్తంలో ఒక్క సలహానే పాటిస్తానంటే ఈ ఎస్‌ఎస్‌డీ సలహా పాటించండి. హార్డ్ డిస్క్ మీద మ్యాక్, విండోస్ రెండూ ఒకేసారి చదువుతూ రాస్తూ ఉంటే ఎంత ర్యామ్ ఉన్నా మెషీన్ కదలదు.

ఇంకొక మాట. ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో వాడే పాత టర్బో సీ++ మాత్రమే కావాలనుకునే విద్యార్థులు ఈ వీడియో అంతా చూడాల్సిన పని లేదు. డాస్‌బాక్స్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం వేసుకోండి. అది నిజంగానే ఎమ్యులేటర్, 4 జీబీ మెషీన్‌లో కూడా హాయిగా నడుస్తుంది. దానికోసం విండోస్ మొత్తం ఎక్కించడం దండగ.

ఇప్పుడు బ్యాటరీ. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. అబౌట్ దిస్ మ్యాక్‌లోనే సిస్టమ్ రిపోర్ట్ తెరిచి పవర్ దగ్గర చూస్తే సైకిల్ కౌంట్, అంటే బ్యాటరీ ఎన్నిసార్లు పూర్తిగా వాడుకున్నామన్న లెక్క, కనిపిస్తుంది. ఈ తరం మ్యాక్‌బుక్‌లకు ఆపిల్ పెట్టిన పరిమితి 1000 సైకిళ్లు. దాటితే మార్పించుకునే ఆలోచన చేయండి. ట్రాక్‌ప్యాడ్ పైకి లేచినట్టు ఉన్నా, టేబుల్ మీద పెడితే మెషీన్ ఊగుతున్నా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. వెంటనే ఆపేసి మార్పించండి, ఆ తర్వాతే మిగతా పని. వర్చువల్ మెషీన్ నడిచేటప్పుడు చిప్ బాగా వేడెక్కుతుంది. మన వరంగల్‌లో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పరుపు మీద, దిండు మీద పెట్టి నడపకండి. ఏళ్ల తరబడి దుమ్ము పేరుకున్న ఫ్యాన్‌ను ఒకసారి శుభ్రం చేయిస్తే స్పీడులో తేడా మీకే తెలుస్తుంది, ఎందుకంటే వేడి పెరిగితే చిప్ తనంతట తానే నెమ్మదిస్తుంది.

ఇక సాఫ్ట్‌వేర్. వర్చువల్ మెషీన్ కోసం నేను వాడేది వర్చువల్‌బాక్స్. ఒరాకిల్ వాళ్లది, ఉచితం. ఇదే పని చేసే ప్యారలల్స్ కూడా మంచిదే, కానీ డబ్బు పెట్టి కొనాలి. పాత మెషీన్ మీద అంత ఖర్చు అవసరమని నాకు అనిపించదు. ఇక్కడ ఒక జాగ్రత్త. వర్చువల్‌బాక్స్ సైట్‌లో ముందు కనిపించే కొత్త వెర్షన్ మీ పాత మ్యాక్‌లో ఎక్కకపోవచ్చు. మీది హై సియెర్రా, మొజావే, కాటలీనాలలో ఏదైనా అయితే పాత బిల్డ్‌ల పేజీకి వెళ్లి 6.1 తీసుకోండి. మాంటెరీ అయితే 7.0 తీసుకోండి.

(స్క్రీన్ మీద: ఇన్‌స్టాల్ అవుతున్న వర్చువల్‌బాక్స్)

చూడండి, ఇన్‌స్టాల్ ఫెయిల్డ్ అని వచ్చింది. చాలామంది ఇక్కడే వదిలేస్తారు. ఇది పాడవ్వడం కాదు. హై సియెర్రా నుంచి ఆపిల్ ఒక నియమం పెట్టింది, ఇలాంటి సాఫ్ట్‌వేర్‌కు మనం స్వయంగా అనుమతి ఇవ్వాలి. సిస్టమ్ ప్రిఫరెన్సెస్‌లో సెక్యూరిటీ అండ్ ప్రైవసీ తెరవండి. కింద ఒరాకిల్ పేరుతో ఒక లైను, పక్కన అలౌ అనే బటన్ ఉంటాయి. తాళం గుర్తు నొక్కి పాస్‌వర్డ్ ఇచ్చి, అలౌ నొక్కండి. ఈ బటన్ 30 నిమిషాలే కనిపిస్తుంది. చాయ్ తాగి వచ్చేసరికి మాయమైతే కంగారు పడొద్దు, ఇన్‌స్టాలర్ మళ్లీ నడిపితే తిరిగి వస్తుంది. అనుమతి ఇచ్చాక మెషీన్ ఒకసారి రీస్టార్ట్ చేయండి.

తర్వాత విండోస్ ఫైలు. మైక్రోసాఫ్ట్ సైట్‌ను మ్యాక్ నుంచి తెరిస్తే విండోస్ 10 ఐఎస్‌ఓ ఫైలు, అంటే ఇన్‌స్టాల్ డిస్క్ మొత్తం ఒకే ఫైలుగా, నేరుగా దొరుకుతుంది. దయచేసి ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన క్రాక్ చేసిన విండోస్ వాడకండి. అందులో ఏం కలిపారో మనకు తెలియదు, మీ వ్యాపారం లెక్కలన్నీ దాంట్లోనే ఉంటాయి. లైసెన్స్ మాత్రం కొనాల్సిందే. పాత డెల్, హెచ్‌పీ ల్యాప్‌టాప్‌తో వచ్చిన లైసెన్స్ ఆ మెషీన్‌కే చెందుతుంది, దీనికి పనికిరాదు.

విండోస్ 11 మాత్రం వద్దు. ఎందుకంటే, అది టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ అడుగుతుంది, ఇంటెల్‌లో 8వ తరం చిప్ నుంచే ఒప్పుకుంటుంది. మన మెషీన్లు అంతకంటే పాతవి. విండోస్ 10లో రెండు రకాలు ఉన్నాయి, 32 బిట్, 64 బిట్. పేజ్‌మేకర్, అను లాంటి పాత సాఫ్ట్‌వేర్‌కు నా ఓటు 32 బిట్‌కే. ర్యామ్ తక్కువ తింటుంది. జిన్నింగ్ మిల్లుల్లో, రైస్ మిల్లుల్లో ఏళ్ల కిందట డాస్‌లో ఫాక్స్‌ప్రోతో రాయించుకున్న లెక్కల ప్రోగ్రాములు ఎవరి దగ్గరైనా ఉంటే, అలాంటి 16 బిట్ ప్రోగ్రాములకు చోటు ఉన్నది 32 బిట్ విండోస్‌లోనే. 64 బిట్‌లో అవి తెరుచుకోవు. కొత్త ట్యాలీ ప్రైమ్ వాడేవాళ్లు మాత్రం 64 బిట్ తీసుకోండి.

వర్చువల్‌బాక్స్ తెరిచి న్యూ నొక్కండి. పేరు ఏదైనా పెట్టండి, నేను ప్రెస్ అని పెడుతున్నా. మెమరీ దగ్గర 8 జీబీ మెషీన్ అయితే 32 బిట్‌కు 2048 ఎంబీ, 64 బిట్‌కు 3072 ఎంబీ ఇవ్వండి. ఎక్కువ ఇస్తే విండోస్ స్పీడ్ అవుతుందని సగానికి మించి ఇచ్చేస్తారు. అప్పుడు మ్యాక్‌కు ర్యామ్ చాలక డిస్కును వాడుకోవడం మొదలుపెడుతుంది, రెండూ కలిసి మొరాయిస్తాయి. హార్డ్ డిస్క్ వీడీఐ రకం, డైనమిక్, 40 జీబీ. ఇది ఒకేసారి 40 జీబీ తీసుకోదు, వాడిన కొద్దీ పెరుగుతుంది.

సెట్టింగ్స్‌లో ప్రాసెసర్లు 2 పెట్టండి, ఆకుపచ్చ గీత దాటొద్దు. డిస్‌ప్లేలో వీడియో మెమరీ 128కి లాగండి. స్టోరేజ్‌లో మనం తెచ్చుకున్న ఐఎస్‌ఓ ఫైలును సీడీ బొమ్మ దగ్గర ఎంచుకోండి. రెటీనా స్క్రీన్ ఉన్నవాళ్లకు విండోస్ అక్షరాలు చీమల్లా కనిపిస్తే, డిస్‌ప్లేలోనే స్కేల్ ఫ్యాక్టర్ 200 శాతానికి పెంచండి.

ఇక నెట్‌వర్క్. అడాప్టర్ ఎదురుగా ఉన్న టిక్ తీసేయండి. అవును, ఇంటర్నెట్ లేకుండానే. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. వీటికి ఇంటర్నెట్‌తో పనే లేదు. వైరస్ వచ్చే దారి మూసేస్తే ఈ విండోస్ ఏళ్ల తరబడి అలాగే నడుస్తుంది. పైగా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మైక్రోసాఫ్ట్ అకౌంట్ అడగకుండా మామూలు లోకల్ అకౌంట్‌తో పని అయిపోతుంది. యాక్టివేషన్ కోసం ఒకసారి టిక్ పెట్టి, పని అయ్యాక మళ్లీ తీసేయండి. బ్యాంకు పనులు, జీఎస్టీ ఫైలింగ్ ఈ విండోస్‌లో అస్సలు వద్దు.

ఇప్పుడు స్టార్ట్ నొక్కితే విండోస్ ఇన్‌స్టాల్ మొదలవుతుంది. ఇది అందరికీ తెలిసిన పనే, ఇక్కడ టైమ్ తీసుకోను. మౌస్ లోపల ఇరుక్కుపోతే ఎడమవైపు కమాండ్ కీ నొక్కండి, బయటికొస్తుంది.

డెస్క్‌టాప్ వచ్చాక మొట్టమొదట పైన డివైసెస్ మెనూలో గెస్ట్ అడిషన్స్ సీడీ పెట్టమని చెప్పి, అందులోని సెటప్ నడపండి. అప్పటిదాకా స్క్రీన్ చిన్నగా, మౌస్ బరువుగా ఉంటుంది. ఇది వేశాక మీరే చూస్తారు. తర్వాత షేర్డ్ ఫోల్డర్. మ్యాక్‌లో ఒక ఫోల్డర్ చేసి, సెట్టింగ్స్‌లో దాన్ని చూపించి ఆటో మౌంట్ పెట్టండి. విండోస్‌లో అది ఇంకో డ్రైవ్‌లాగా కనిపిస్తుంది. నెట్‌వర్క్ ఆపేసినా ఇది పనిచేస్తుంది.

ఇప్పుడే, ఇంకే సాఫ్ట్‌వేర్ వేయకముందే, ఒక స్నాప్‌షాట్, అంటే ఇప్పుడున్న స్థితికి ఒక నకలు, తీసుకోండి. రేపు ఏదైనా పాడైతే ఒక్క క్లిక్‌తో ఈ స్థితికి వెనక్కి వస్తారు. స్నాప్‌షాట్లు పోగేసుకుంటే డిస్క్ నిండిపోతుంది కాబట్టి ఒకటి చాలు.

అను, పేజ్‌మేకర్ వేసుకున్నాక పెండ్లి కార్డు ఒకటి తెరిచి చూద్దాం. అక్షరాలు, ఒత్తులు సరిగ్గానే ఉన్నాయి. అను పాత ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే అన్ని కంప్యూటర్లకూ ఒకేలా అర్థమయ్యే అక్షరాలు కావు. అందులో కొట్టిన మ్యాటర్‌ను కాపీ చేసి మ్యాక్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గీతలు వస్తాయి, అది మెషీన్ తప్పు కాదు. మ్యాటర్ బయటికి పంపాలంటే లోపలే ప్రింట్ టు పీడీఎఫ్ కొట్టి షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టండి. ప్రింటర్ డ్రైవర్లను విండోస్‌లో ఎక్కించే తలనొప్పి కూడా దీంతో పోతుంది, మ్యాక్ నుంచే ప్రింట్ ఇవ్వొచ్చు. ప్లేటుకు పంపేముందు పీడీఎఫ్‌లో ఒత్తులు, సున్నాలు, పేర్లు ఒక్కసారి కళ్లతో చదవండి. పెండ్లి కార్డులో పేరు తప్పు పడితే ఆ ఇంటివాళ్ల బాధ చిన్నది కాదు.

ట్యాలీ వాళ్లకు కీబోర్డ్ ముఖ్యం. పేమెంట్‌కు ఎఫ్5, రిసీట్‌కు ఎఫ్6, సేల్స్‌కు ఎఫ్8 కొట్టే అలవాటు ఉన్న చేతికి మ్యాక్‌లో ఆ కీలు నొక్కితే కీబోర్డ్ లైటు పెరుగుతుంది, పాట ఆగుతుంది. మ్యాక్ సిస్టమ్ ప్రిఫరెన్సెస్‌లో కీబోర్డ్‌కు వెళ్లి, ఎఫ్ కీలను మామూలు ఫంక్షన్ కీలుగా వాడాలన్న టిక్ పెట్టండి. ఆల్ట్ బదులు ఆప్షన్ కీ. మిర్చి సీజన్‌లో రోజంతా ఎంట్రీలు కొట్టేవాళ్లు ఒక మామూలు యూఎస్‌బీ కీబోర్డ్ తగిలించుకోవడం ఇంకా మంచిది.

సాఫ్ట్‌వేర్‌కు డాంగిల్, అంటే లైసెన్స్ కోసం గుచ్చే చిన్న యూఎస్‌బీ తాళం, ఉంటే, దాన్ని గుచ్చి డివైసెస్‌లో యూఎస్‌బీ కింద టిక్ పెట్టండి. యూఎస్‌బీ 1.1 సెట్టింగ్‌తోనే చాలా డాంగిళ్లు పనిచేస్తాయి. వర్చువల్‌బాక్స్ 6.1లో యూఎస్‌బీ 2, 3 కావాలంటే ఎక్స్‌టెన్షన్ ప్యాక్ వేయాలి. అది సొంత వాడకానికే ఉచితం, వ్యాపారానికి లైసెన్స్ కొనాలి. కాబట్టి ముందు 1.1తో ప్రయత్నించండి.

ఇంత చేసినా 4 జీబీ ఎయిర్‌లో విండోస్ బరువుగానే నడుస్తుంది. వాళ్లకు ఆపిల్ వాళ్ల బూట్ క్యాంప్ సరైన దారి. అందులో మ్యాక్ ఆపేసి విండోస్‌నే నేరుగా ఎక్కిస్తాం, ర్యామ్ మొత్తం దానికే. 2012 నుంచి వచ్చిన మ్యాక్‌బుక్‌లలో 64 బిట్ విండోస్ 10 అలా పెట్టుకోవచ్చు.

చివరిగా బ్యాకప్. విండోస్‌ను షట్‌డౌన్ చేయండి, సేవ్ స్టేట్ కాదు, పూర్తిగా షట్‌డౌన్. మీ హోమ్ ఫోల్డర్‌లో వర్చువల్‌బాక్స్ వీఎమ్స్ అని ఉంటుంది. అందులో మన ప్రెస్ ఫోల్డర్ మొత్తం ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేయండి. ఆ డిస్క్ ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉండాలి, ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. రేపు ఈ మ్యాక్‌బుక్ పోయినా, ఇంకో ఇంటెల్ మెషీన్‌లో వర్చువల్‌బాక్స్ వేసి ఈ ఫోల్డర్ తెరిస్తే మీ అను, మీ పేజ్‌మేకర్, మీ పాత డిజైన్లన్నీ ఉన్నవి ఉన్నట్టు దొరుకుతాయి. మీ మ్యాక్ మోడల్, మ్యాక్‌ఓఎస్ వెర్షన్, మీకు కావాల్సిన సాఫ్ట్‌వేర్ పేరు కింద కామెంట్‌లో రాయండి, ఏ దారి సరిపోతుందో చెప్తాను.