టీకా కార్డు లేని పిల్లలు

నమస్కారమండీ. ఆశ్రయం కోరి ఒంటరిగా ఇంగ్లండ్ చేరిన పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని చూసుకుంటున్న ఫాస్టర్ కేరర్లు మీరు. నేను జీపీ సర్జరీలో, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్ క్లినిక్‌లో, నర్సుని. నన్ను అందరూ అడిగేది ఒకటే: "ఈ అబ్బాయికి ఏ టీకాలు పడ్డాయో తెలీదు, ఎలా?"

సూడాన్ నుంచో ఎరిత్రియా నుంచో వచ్చిన 16 ఏళ్ల కుర్రాడి దగ్గర కార్డేం ఉంటుంది? మన చిన్నప్పటి కార్డులే మన దగ్గర లేవు. భుజం మీది మచ్చ టీబీకి వేసే బీసీజీ పడిందని చెబుతుందేమో గానీ, తట్టు టీకా సంగతి చెప్పదు. అందుకే నమ్మదగ్గ ఆధారం లేకపోతే వేయనట్టే లెక్కగట్టి మొదటినుంచి వేస్తాం. ఇదివరకే పడి ఉంటే మరో డోసు వల్ల నష్టమేం లేదు, మహా అయితే చెయ్యి కాస్త నొప్పి పెడుతుంది.

పదేళ్లు దాటినవాళ్లకు ధనుర్వాతం, కంఠసర్పి (డిఫ్తీరియా), పోలియో కలిపిన సూది నాలుగేసి వారాల తేడాతో 3 సార్లు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాకు ఎంఎంఆర్ 2 సార్లు. మెనింజైటిస్‌కు ఒకటి, వయసును బట్టి గర్భాశయ ముఖ క్యాన్సర్ లాంటివి రాకుండా వేసే హెచ్‌పీవీ. మొదటి డోసులన్నీ ఒకే రోజు వేయొచ్చు. కంఠసర్పి పాతకాలపు రోగమని కొట్టిపారేయకండి. 2022లో ఇంగ్లండ్ చేరిన శరణార్థుల్లో 70 మందికి పైగా బయటపడింది. అదీ ఎక్కువమందికి గొంతులో కాదు, చర్మం మీద పుండ్లుగా. మానని పుండు కనిపిస్తే వెంటనే చూపించండి.

ఒక అబ్బాయి ఎంఎంఆర్ అనగానే తల అడ్డంగా ఊపాడు. సూదంటే భయమనుకున్నాం. ఫోన్లో ఇంటర్‌ప్రెటర్ వచ్చాక తెలిసింది, అందులో పంది జెలటిన్ ఉంటుందని ఎవరో చెప్పారట. అబద్ధం కాదు, ఇక్కడ వాడే రెండు బ్రాండ్లలో ఒకదాంట్లో ఉంటుంది. రెండోదైన ప్రయోరిక్స్‌లో ఉండదు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అది కావాలని అడగండి.

మీలో హైదరాబాద్ వాళ్లుంటే, పాకిస్తాన్‌లో కొన్నాళ్లు ఉండి వచ్చిన అఫ్గాన్ కుర్రాడితో మీ ఉర్దూ బాగానే నడుస్తుంది. తిన్నావా, పడుకున్నావా వరకు సరే. డాక్టర్ దగ్గర మాత్రం ఇంటర్‌ప్రెటర్‌నే అడగండి, కొన్ని మాటలు మీ ముందు చెప్పలేడు.

మొదటి ఆరోగ్య పరీక్ష కౌన్సిల్ సంరక్షణలోకి వచ్చిన 20 పనిదినాల్లో జరగాలి. దానికోసం ఆగకుండా ముందే జీపీ దగ్గర పేరు నమోదు చేయించండి, అడ్రస్ రుజువూ వీసా కాగితాలూ అక్కర్లేదు. 16 నిండితే సమ్మతి తనే ఇవ్వొచ్చు. అంతకంటే చిన్నవాళ్లయితే సంతకం ఎవరిదో సోషల్ వర్కర్‌ని కనుక్కోండి. టీబీ రక్తపరీక్ష పాజిటివ్ వచ్చిందని కంగారుపడి కంచం, గ్లాసు వేరు పెట్టకండి. ఆ పరీక్షలో ఎక్కువగా తేలేది ఒంట్లో నిద్రపోతున్న టీబీ, అది ఇంకొకరికి అంటదు. గజ్జి అయితే అంటుతుంది, ఇంటిల్లిపాదీ ఒకే రోజు క్రీమ్ రాసుకుని వారానికి మళ్లీ రాసుకోవాలి.

ఈ పిల్లల్ని ఎప్పుడు ఏ ఊరికి మారుస్తారో తెలియదు. వేసిన ప్రతి టీకా పేరు, తేదీ రాయించుకుని ఆ కాగితాన్ని ఆ అబ్బాయి ఫోన్లోనే ఫొటో తీయించండి. మీ ఫోన్లో ఉంటే లాభం లేదు.