మూడు ఆస్కార్ల హామ్లిష్, వెనక వరస డ్యాన్సర్లు

నమస్తే అండీ. ఈరోజు సినిమా రివ్యూ కాదు, ఒక మ్యూజిక్ డైరెక్టర్ గురించి. పేరు మార్విన్ హామ్లిష్. 1974 ఏప్రిల్ 2న, ఒక్క రాత్రిలో మూడు ఆస్కార్లు ఇంటికి పట్టుకెళ్లాడు. అప్పటికింకా ముప్పై నిండలేదు!

‘ద వే వి వర్’కి రెండు, ‘ద స్టింగ్’కి ఒకటి. ఆ మూడోదాని దగ్గరే నాకు చిన్న పేచీ. ‘స్టింగ్’ అనగానే చెవిలో మోగే పియానో ట్యూన్లు ఆయనవి కావు, 1917లోనే చనిపోయిన స్కాట్ జాప్లిన్ అనే నల్లజాతి సంగీతకారుడివి. అవార్డు ఇచ్చింది కూడా అడాప్టేషన్ (ఉన్న సంగీతాన్ని సినిమాకి మలచడం) విభాగంలోనే, కాబట్టి మోసమేమీ లేదు. కానీ చప్పట్లలో సగం జాప్లిన్‌కి వెళ్లాలి కదా.

హామ్లిష్ పుట్టింది న్యూయార్క్‌లో. తండ్రి వియన్నా నుంచి వచ్చిన అకార్డియన్ వాద్యకారుడు. కుర్రాడికి ఏడేళ్లు రాకముందే జూలియార్డ్ అనే పేరున్న సంగీత పాఠశాలలో సీటొచ్చింది. తర్వాత న్యూయార్క్ నాటకాల అడ్డా బ్రాడ్‌వేలో ‘ఫన్నీ గర్ల్’ అనే మ్యూజికల్ (పాటలు, డ్యాన్సులతో నడిచే నాటకం) రిహార్సల్స్‌కి పియానో వాయించాడు. డ్యాన్సర్లు చెమటలు కక్కుతుంటే పక్కన కూర్చుని వాయించే ఉద్యోగం అది. ఆయన బెస్ట్ వర్క్ అక్కడే మొదలైందని నా అనుమానం.

ఎందుకంటే ఆ బెస్ట్ వర్క్, 1975 నాటి ‘ఎ కోరస్ లైన్’ అనే మ్యూజికల్, మొత్తం ఆ డ్యాన్సర్ల గురించే. ఆడిషన్‌లో పదిహేడు మంది వరసగా నిలబడతారు, ఉన్నవి ఎనిమిది చాన్సులు. ఒక్కొక్కరూ తమ ఇల్లు, భయాలు, పాత గాయాలు చెప్పుకుంటారు. మన పాటల్లో హీరో వెనక డ్యాన్స్ చేసేవాళ్లున్నారే, వాళ్ల కథన్నమాట. చివర్లో ‘వన్’ పాట. అందరూ ఒకే బంగారు రంగు డ్రెస్సు, ఒకే టోపీ. ట్యూనేమో మహా హుషారు, పొగడ్తంతా అసలు స్టేజి మీదే లేని ఒక స్టార్‌కి! ఇంతసేపూ మనం పేరుపేరునా తెలుసుకున్న మనుషుల్లో ఎవరు ఎవరో గుర్తుపట్టలేం. ఆ హుషారు ట్యూనే నన్ను ఏడిపించింది.

మరుసటి ఏడాది దానికి పులిట్జర్ బహుమతి, నాటకాల ఆస్కార్ లాంటి టోనీ రెండూ వచ్చాయి. షో 1990 దాకా, 6,137 సార్లు ఆడింది. 1986లో ఆయనే చేసిన ‘స్మైల్’ మాత్రం 48 షోలకే మూతపడింది. 2012లో ఆయన పోయారు.

‘స్టింగ్’ ట్యూన్ మీరెలాగూ వినే ఉంటారు. ఈ రాత్రికి ‘వన్’ పెట్టండి, హెడ్‌ఫోన్స్‌లో.