కమిటీలో కుర్రోళ్ళు: బరంపురం ఫోన్-ఇన్

యాంకర్: ప్రకృతి పరిరక్షణ సంఘాల్లో కుర్రాళ్ళ మాటకి చోటెంత? సంఘాల నమోదు, నిర్వహణ తెలిసిన మేడమ్‌గారు మనతో ఉన్నారు. మొదటి కాలర్ గంజాం నుంచి.

కాలర్: అలో... వినబడతందా అమ్మా?

యాంకర్: వినబడుతోంది. రేడియో సౌండు తగ్గించండి.

కాలర్: తగ్గించీసేను. మేడమ్‌గారూ, మాది రుషికుల్య ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర పల్లె. తాంబేళ్ళ కోసం సంఘం ఉంది. మా అన్నయ్య పెట్టేడు, ఇప్పుడు నేను సెక్రటరీని. తాంబేళ్ళు గుడ్లెట్టేక నలభయ్యైదు, యాభై రోజులకి పిల్లలు బయటికొస్తాయి. కరెంటు లైట్లుంటే సముద్రం వదిలీసి అటే పోతాయి. ఇక కుక్కలు, కాకులు... రాత్రంతా మా కుర్రోళ్ళే ఏరి నీళ్ళ వేపు వదుల్తారు. మా చిన్నప్పుడైతే...

నిపుణురాలు: ప్రశ్న ఏమిటండీ?

కాలర్: అదే చెప్తన్నాను. మొన్న మీటింగులో ఆళ్ళు లేచి, ఆ లైట్లు ఆర్పమని అర్జీ పెడదాం అన్నారు. మా పెద్దోళ్ళు "మీకేటి తెలుసు, టీలు పట్రండి" అన్నారు. మర్నాడు నుంచి ఒక్కడూ రాలేదు. ఆళ్ళని కమిటీలో ఎయ్యొచ్చా?

నిపుణురాలు: వయసెంత?

కాలర్: పంతొమ్మిది, ఇరవై. ఇద్దరికి పదహారు.

నిపుణురాలు: 18 నిండినవాళ్ళని నిక్షేపంలా వెయ్యొచ్చు. సంఘాల చట్టం 1860 నాటిది. ఏడుగురు చేరితే సంఘం పెట్టుకోవచ్చంది గానీ, జుట్టు నెరిసుండాలని అనలేదు. మీ బైలాలు, అంటే సంఘం నియమాలు, తీసి చూడండి, అడ్డమైతే జనరల్ బాడీలో, అంటే సభ్యులందరి మీటింగులో, మార్చుకోండి. పదహారేళ్ళవాళ్ళ సంగతి రాసుకోండి: మైనరు చేత సంతకం పెట్టించకండి. మైనరు ఒప్పందం చెల్లదు. చెక్కు వద్దు, బ్యాంకు కాగితం వద్దు. కూచోబెట్టండి, మాట్లాడనివ్వండి, వాళ్ళ మాట మినిట్స్‌లో, అంటే మీటింగులో జరిగింది రాసే పుస్తకంలో, రాయండి.

కాలర్: సంతకం లేని మాటకి ఇలవేటమ్మా?

నిపుణురాలు: విలువ మీరివ్వాలి. వాళ్ళ అంశాన్ని అజెండాలో పెట్టండి. కాదంటే ఎందుకు కాదన్నారో రాసి, వచ్చే మీటింగులో చదివి వినిపించండి. మన దేశం 1992లో ఒప్పుకున్న ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం ఉంది. తమకి సంబంధించిన విషయాల్లో పిల్లల మాట వినాలి, వయసుకీ పరిణతికీ తగ్గ విలువివ్వాలి అంటుంది. రాత్రంతా ఇసకలో ఉన్నవాడికి లైట్ల సంగతి మీకన్నా తెలీదూ?

కాలర్: తెల్దనలేదమ్మా... అయితే కమిటీలో ఎయ్యొచ్చా?

నిపుణురాలు: (నవ్వు) ఇందాకే చెప్పాను కదండీ! వెయ్యొచ్చు. ఒక్కణ్ణి కాదు, ఇద్దర్ని. అంతమంది పెద్దల్లో ఒక్కడే అయితే నోరెత్తడు. కొత్త కమిటీ జాబితా వార్షిక సమావేశమైన 14 రోజుల్లో రిజిస్ట్రారుకి చేరాలి. అందరూ మర్చిపోయేది అదే. మీ మీటింగు ఎప్పుడు?

కాలర్: మంగళారం పొద్దున్న, పదకొండుకి.

నిపుణురాలు: కాలేజీకెళ్ళేవాడు ఎలా వస్తాడండీ!

యాంకర్: థాంక్యూ. రాయగడ నుంచి...

కాలర్: మేడమ్, నాకు 17. ఒక సంస్థ వాళ్ళు నన్ను యూత్ అంబాసిడర్ అన్నారు. బ్యానర్ మీద ఫోటో వేశారు, మీటింగుకి మాత్రం పిలవరు.

నిపుణురాలు: ఫోటో వేసేముందు ఇంట్లో అడిగారా?

కాలర్: లేదు.

నిపుణురాలు: అడగమను. పోయినసారి మినిట్స్ చూపించమను. చూపించకపోతే నువ్వు వాళ్ళకి బ్యానర్‌కే పనికొస్తున్నట్టు. దేనిమీదా సంతకం పెట్టకు తల్లీ.

కాలర్: ఇంకొకటి మేడమ్...

యాంకర్: సమయం తక్కువుందమ్మా. పర్లాకిమిడి, చెప్పండి.

కాలర్: టీచర్నండి, బడిలో ఎకో క్లబ్బు చూస్తాను. పిల్లలు మొక్కలు చాలు, చెరువులో చెత్త గురించి కలెక్టరుకి రాద్దాం అంటున్నారు. నాకేమో భయం.

నిపుణురాలు: భయం మీది, చెరువు వాళ్ళది. ఉత్తరం వాళ్ళని రాయనివ్వండి, హెడ్మాస్టరు కవరింగ్ లెటరుతో పంపండి.

కాలర్: సంతకాలు నేనే పెడతాను. మైనర్లు కదా, మీరు వద్దన్నారు.

నిపుణురాలు: అయ్యో! ఒప్పందాల మీద, డబ్బు కాగితాల మీద వద్దన్నాను. కలెక్టరుకి ఉత్తరమ్మీద శుభ్రంగా పెట్టుకోవచ్చు. ఆ రాయగడ అమ్మాయి కూడా విందా?

యాంకర్: గంజాం ఆయన మళ్ళీ లైన్లో ఉన్నారు.

కాలర్: అలో... బైలాలు మా అన్నయ్య పెట్లో ఉన్నాయంట. తాళం కనబడట్లేదు...

నిపుణురాలు: ఆ కుర్రాళ్ళకే చెప్పండి, వెతుకుతారు.

యాంకర్: సమయం అయిపోయింది. నమస్కారం.