చరియ విరగని రోజు

అధ్యక్షులకు, పెద్దలకు, ఈ డిసెంబరులో మంచు కొండలెక్కడానికి కేదార్‌కంఠకో గుల్మార్గ్‌కో టికెట్లు తీసుకుని సిద్ధంగా ఉన్న యువ మిత్రులకు నమస్కారం. సమయం తక్కువ కనుక నా పరిచయ వాక్యాలకు జవాబుగా చెప్పవలసిన మర్యాదలు వదిలేసి, విరిగిపడే మంచు చరియల మాటకే వస్తున్నాను.

మనది కదలని బండల ఊరు. హైదరాబాద్ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భువనగిరి కొండ మీద ఈ ఆదివారం దొరికిన పట్టు వచ్చే ఆదివారమూ దొరుకుతుంది. ఆ నమ్మకంతోనే మనం మంచు మీదికీ వెళతాం. పైగా మన భాషలో గడ్డి మీది చుక్కా మంచే, కొండను కప్పిన ఆరడుగుల పొరా మంచే. పత్రికలైతే అది కురిసినా, విరిగిపడి మనుషులను పూడ్చినా హిమపాతమనే రాస్తాయి.

పదిహేనేళ్ల కిందట గుల్మార్గ్ పైన ఒక వాలు దగ్గర మా గైడు ఆగి, పారతో నడుము లోతు గుంట తవ్వాడు. గుంట గోడలో పైన రెండు జానల మందాన గాలి దట్టించిన గట్టి పలక, దాని కింద పంచదార పలుకుల వంటి పొర కనిపించాయి. వేలితో గీకితే ఆ పొర జలజలా రాలింది. పంచదార మీద పరిచిన షాబాదు బండ వాలులో ఎంతసేపు నిలుస్తుంది? అటువంటి పలకలు ఎక్కువగా జారేది 30 నుంచి 45 డిగ్రీల వాలులో. ప్రాణాలు పోయిన సందర్భాల్లో చాలావాటిలో పలకను కదిలించింది పోయినవారి అడుగో, తోటివారి అడుగో. రాత్రి కొత్త మంచు పడి గాలి వీచింది కనుక వెనక్కి పోదామన్నాడు గైడు.

ఆ రోజు చరియ విరగలేదు. గదికి చేరి, డబ్బు కట్టామనీ సెలవు పెట్టామనీ నిర్వాహకులకు ఫిర్యాదు రాశాం. రాసిన చేయి ఇదే. ఆ రోజు కూలి అతనికి ఇవ్వలేదని తరువాత తెలిసింది. మీలో ఇలా రాసినవారెవరో చేతులెత్తవద్దు, నాకు చూడాలని లేదు.

2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా దండా శిఖరం మీద చరియ విరిగి మనం కోల్పోయిన 29 మంది సరదాకు వెళ్లినవారు కారు, పర్వతారోహణ నేర్చుకుంటున్నవారూ నేర్పుతున్నవారూ. చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీజీఆర్‌ఈ చలికాలమంతా జిల్లాలవారీగా మంచు చరియల హెచ్చరికలు ఇస్తుంది. బయలుదేరే ముందు వాటిని చూడండి. గైడు వెనక్కి తిప్పితే ఆ రోజు కూలి మీ చేతులతో ఇవ్వండి.

మీకు వాట్సాప్‌లో వచ్చిన సామాన్ల జాబితాలో మంకీ క్యాపు ఉంది, జీడిపప్పు ఉంది. ఈ బల్ల మీద ఉన్నవి, అంటే పూడినవారి జాడను రేడియో సంకేతంతో చెప్పే ట్రాన్సీవరూ, మంచులో గుచ్చి వెతికే మడిచే కర్రా, పారా లేవు. మంచులో పూడినవారిని పది నిమిషాల్లో తీస్తే పదింట తొమ్మిది మంది బతుకుతారు, అరగంట దాటితే ముగ్గురే. అంటే తవ్వవలసింది పక్కనున్నవారే. రెండో ట్రాన్సీవరును ఈ ఆవరణలో ఎండుటాకుల కింద దాచి వచ్చాను. ముందు వరుసలోని నలుగురు లేవండి, గడియారం మొదలుపెడుతున్నాను.