రెండు లీటర్లూ తాగాలి

పెద్దలందరికీ నమస్కారం. వేదిక మీదివాళ్ల పేర్లన్నీ చదువుతూ కూర్చుంటే మీ చాయ్ చల్లారిపోతుంది, నేరుగా విషయంలోకి పోదాం.

నోటి నుంచి చేసే ఎండోస్కోపీ, కింది నుంచి చేసే కొలనోస్కోపీ, పిత్తనాళంలో రాళ్లు తీసే ఈఆర్‌సీపీ, ఈ మూడూ చెప్పమన్నారు. మొదటిది తేలిక. కెమెరా ఉన్న గొట్టం చిటికెన వేలికన్నా సన్నం. అది పోయేది అన్నవాహికలోకి, ఊపిరి దారి వేరే. ఎడమ పక్కకు పడుకోబెట్టి, పళ్ల మధ్య ప్లాస్టిక్ అడ్డు పెట్టి, గొంతు మొద్దుబారడానికి లిగ్నోకెయిన్ స్ప్రే కొడతారు. మామూలు పరీక్షకు 5 నుంచి 10 నిమిషాలు. ముక్కుతో ఊపిరి పీల్చండి, ఉమ్మిని మింగకుండా కారనివ్వండి. తర్వాత గొంతు మొద్దుబారినంతసేపు, అంటే ముప్పావుగంట దాకా, నీళ్లు కూడా వద్దు. పొరబోయి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

పరగడుపు 6 నుంచి 8 గంటలు. "గుక్కెడు చాయే కదా" అంటారు. పాలు పడ్డ చాయ్ తిండి కిందే లెక్క. తాగితే తాగినమని చెప్పండి, టైం జరుపుతారు. కోప్పడితే పడండి, దాచిపెట్టి పడుకోవద్దు.

ఇక కొలనోస్కోపీ. అసలు గొడవంతా ఇక్కడే. పెద్దపేగు దాదాపు మీటరున్నర. అందులో మలం ఉంటే కెమెరాకు మలమే కనబడుతుంది, దాని వెనక ఉన్న పాలిప్, అంటే పేగు గోడ మీద మొలిచే చిన్న కండ, కనబడదు. ఆ పాలిప్పే ఏళ్ల తర్వాత క్యాన్సర్ కావచ్చు. అందుకే పేగు కడిగే పీఈజీ పొడి ఇస్తారు. ప్యాకెట్‌ను 2 లీటర్ల నీళ్లలో కలిపి, పావు లీటరు చొప్పున పది పదిహేను నిమిషాలకోసారి తాగాలి. సగం ముందురోజు సాయంత్రం, సగం పరీక్షకు నాలుగైదు గంటల ముందు. రెండో సగమే చాలామంది వదిలేసేది! నాలుగుసార్లు దొడ్డికి పోయినం, చాలనుకుంటారు. ఎన్నిసార్లు పోయారన్నది లెక్క కాదమ్మా. మూత్రంలా పల్చగా, పసుప్పచ్చగా, అడుగు కనబడేలా రావాలి. ఇంకా మడ్డిగా వస్తుంటే గదిలోకి పోకముందే నర్సుకు చెప్పండి. వాంతికొస్తే అరగంట ఆగి, చల్లగా చేసుకొని మళ్లీ మొదలుపెట్టండి, మానేయకండి.

తిండి సంగతి. రెండు మూడు రోజుల ముందు నుంచే జొన్నరొట్టె, ఆకుకూర, టమాట, వంకాయ, జామ, నువ్వులు బంద్. పేగులోని నీళ్లు పీల్చే దారి గొట్టంలో నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు, గింజ పడితే మూసుకుపోతుంది. తెల్లన్నం, ఇడ్లీ నడుస్తాయి. పొడి తాగడం మొదలయ్యాక కొబ్బరినీళ్లు, పాలు లేని చాయ్, వడగట్టిన బత్తాయి రసం. సల్ల వద్దు, అది తేట కాదు. ఎర్ర షర్బత్ వద్దు, నెత్తురని అనుమానం వస్తుంది. రక్తం పెంచే ఐరన్ గోలీలు వారం ముందే ఆపాలి, మలాన్ని నల్లగా, జిగటగా చేస్తాయి. షుగర్ ఉన్నవాళ్లు తిండి మానేసి గోలీ మాత్రం వేసుకుంటే కళ్లు తిరిగి పడతారు. ఆ రెండు రోజుల మోతాదు ముందే అడిగి రాయించుకోండి. కిడ్నీ, గుండె జబ్బు ఉంటే పొడి ఏదన్నది డాక్టరే చెప్పాలి, మెడికల్ షాపు కాదు.

ఈఆర్‌సీపీకి టైం లేకుండా చేశాను. ఒక్కమాట: తర్వాత నూటికి మూడు నుంచి పదిమందికి క్లోమం వాస్తుంది. పైకడుపులో మొదలై వీపులోకి పోయే నొప్పి వస్తే గ్యాస్ అని సోడా తాగి కూర్చోవద్దు, దవాఖానకు రండి. ఏ పరీక్ష తర్వాతైనా సరే, కడుపు గట్టిపడ్డా, జ్వరమొచ్చినా, నల్లగా లేదా నెత్తురుగా విరేచనమైనా అంతే. పాలిప్ తీసిన చోట రెండు వారాల దాకా నెత్తురు కారవచ్చు. మత్తు ఇస్తే 24 గంటలు బైక్ ఎక్కవద్దు, తోడు మనిషిని తెచ్చుకోండి.

గుండె రక్తనాళంలో స్టెంట్ పడినవాళ్లు చేతులెత్తండి... ఇంతమందా! రక్తం పలచబడే గోలీలు మీ అంతట మీరు ఆపకండి, స్టెంట్ మూసుకుపోవచ్చు. ఆస్పిరిన్ చాలావరకు ఆపక్కర్లేదు. క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ ఆపాలా, ఎన్నిరోజులన్నది గుండె డాక్టరూ ఎండోస్కోపీ డాక్టరూ మాట్లాడుకొని చెప్పాలి. చీటీలు తెచ్చుకుంటే ప్రశ్నలకు ముందు మీరే రండి.