తరాలు దాటే న్యాయవాద సంస్థ: బొంబాయి అనుభవం, బరంపురం అవసరం

సభాధ్యక్షులకు, న్యాయవాద మిత్రులకు, దుకాణాలు ముందుగానే కట్టేసి వచ్చిన వర్తక సోదరులకు నమస్కారాలు.

ఒడిశాలోని మన గంజాం జిల్లా బరంపురంలో తెలుగు వకీళ్లకు ఏనాడూ కొదవ లేదు. రాష్ట్రపతి పదవిని అలంకరించిన వరాహగిరి వెంకటగిరి గారి తండ్రి జోగయ్య పంతులు గారు ఈ ఊళ్లోనే పేరు మోసిన న్యాయవాది. ఐర్లండులో న్యాయశాస్త్రం చదివి 1916లో తిరిగివచ్చిన గిరి గారు కూడా ఇక్కడే వృత్తి ఆరంభించారు. అంతటివారు పుట్టిన ఊళ్లో, వకీలు కాలం చేసిన తరువాత కూడా ఆయన చేపట్టిన పనిని ఆపకుండా సాగించే సంస్థల సంప్రదాయం ఎందుకు వేళ్లూనలేదన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా బాధిస్తున్నది. దానికి జవాబు వెతకాలంటే ముందు బొంబాయి వైపు చూడాలి.

అక్కడ 1895లో దిన్షా ఫర్దూన్జీ ముల్లా, ఆయన సోదరుడు రుస్తుంజీ కలిసి ముల్లా అండ్ ముల్లా అనే అటార్నీల, అంటే కక్షిదారు పక్షాన కేసు సిద్ధం చేసే న్యాయవాదుల, సంస్థను స్థాపించారు. తరువాతి కాలంలో అది అటువంటి పనే చేసే ఒక ఇంగ్లీషు సొలిసిటర్ల సంస్థతో కలిసి, ముల్లా అండ్ ముల్లా అండ్ క్రేగీ బ్లంట్ అండ్ కారో అన్న పొడుగాటి పేరుతో నేటికీ పనిచేస్తున్నది. దానికంటే పాతవీ ఉన్నాయి: క్రాఫర్డ్ బేలీ 1830 నాటిది, లిటిల్ అండ్ కంపెనీ 1856 నాటిది. మన పూర్వులకు హైకోర్టు ఉన్న మద్రాసులో కింగ్ అండ్ పార్ట్రిడ్జ్ 1908లో మొదలైంది. వీటిలో ముల్లా సంస్థనే ప్రత్యేకంగా ఎంచుకోవడానికి కారణం ఉంది. ఈ సభలోని ప్రతి న్యాయవాది బల్లమీద సివిల్ దావాలు నడిచే పద్ధతిని నిర్దేశించే సివిల్ ప్రొసీజర్ కోడ్‌కు ముల్లా రాసిన వ్యాఖ్య ఉంటుంది. 1930లో, ఆనాటి అత్యున్నత అప్పీలు న్యాయస్థానమైన లండనులోని ప్రీవీ కౌన్సిల్ న్యాయసభ్యుడైన ఆ మహనీయుణ్ణి మనం గ్రంథకర్తగా మాత్రమే ఎరుగుదుము. ఆయన 1934లో గతించినా ఆయన నెలకొల్పిన సంస్థ ఆగలేదన్న సంగతి మనం అంతగా పట్టించుకోలేదు.

అటువంటి సంస్థలు బొంబాయి, కలకత్తాల్లో పెరగడానికి అక్కడి హైకోర్టుల పద్ధతి ఒక ముఖ్య కారణం. ఆ కోర్టుల ఒరిజినల్ సైడ్‌లో, అంటే అప్పీళ్లు కాక దావాలను నేరుగా విచారించే విభాగంలో, కక్షిదారు నేరుగా కోర్టులో వాదించే బారిస్టరు దగ్గరకు వెళ్లేందుకు వీలుండేది కాదు. మొదట అటార్నీని కలవాలి. అటార్నీ కాగితాలు చదివి, సాక్ష్యం సమకూర్చి, దావా సిద్ధం చేసి, వాదించడానికి బారిస్టరును నియమించేవాడు. బారిస్టరు కేసుకొకరు మారవచ్చు గాని అటార్నీ మారడు. మిల్లు స్థాపనకు భూమి కొన్ననాటి హక్కు పరిశీలన, బ్యాంకుకు రాసిచ్చిన తనఖా, కంపెనీ నియమావళి, వాటాదారుల తగాదా, చివరకు దివాలా అర్జీ వరకు ఒకే కార్యాలయపు అలమారాల్లో ఉండేవి. ఒక తరం అటార్నీ విరమించుకుంటే తరువాతి తరం అదే అలమారా తెరిచి పని కొనసాగించేది. అటార్నీ అన్న ప్రత్యేక వర్గాన్ని 1976 నాటి సవరణ చట్టం రద్దు చేసింది గాని, అప్పటికే ఆ కార్యాలయాలకు తరాల జ్ఞాపకశక్తి సమకూడింది.

మన మొఫసిలు కోర్టుల్లో, అంటే మహానగరాల బయటి జిల్లా కోర్టుల్లో, అన్నీ వకీలే. నోటీసు రాసేదీ, దావా వేసేదీ, సాక్షిని ప్రశ్నించేదీ ఆయనే. కక్షిదారు నమ్మకమంతా ఆ మనిషి మీద. ఆయన పోతే కాగితాల కట్టలు ఇంట్లో అటకెక్కుతాయి. కొడుకు వేరే ఉద్యోగంలో ఉంటే అవి చెదల పాలవుతాయి. దీనికితోడు మన జిల్లాకు మరో కష్టం వచ్చిపడింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు గంజాం అప్పీళ్లు మద్రాసుకు వెళ్లేవి. ఆ తరువాత పాట్నాకు. 1948 జులై 26న ఒరిస్సా హైకోర్టు ఆరంభమైన తరువాత కటకానికి. పన్నెండేళ్ల వ్యవధిలో పైకోర్టు రెండుసార్లు మారింది. మద్రాసులో తెలిసిన న్యాయవాదులతో అల్లుకున్న సంబంధాలు తెగిపోయాయి. అంతకుముందు రాసుకున్న తెలుగు దస్తావేజులు మాత్రం ఇళ్లల్లోనే ఉండిపోయాయి. ఈనాడు ఆస్తి చేతులు మారిన క్రమాన్ని చూపే పాత లింకు దస్తావేజులు పరిశీలించవలసి వచ్చినప్పుడు, పాత గొలుసుకట్టు తెలుగు రాతను చదివి, దాని భావాన్ని ఒడియాలోనో ఇంగ్లీషులోనో బ్యాంకుకు నివేదించగల న్యాయవాదులు వేళ్ల మీద లెక్కించదగినంతమందే. ఆ విద్య ఒకరి నుంచి మరొకరికి అందవలసిన చోటు కార్యాలయమే.

వర్తక సోదరులు ఇదంతా వకీళ్ల గొడవ అనుకోవద్దు. పట్టుచీరలు నేయించేవారు సూరత్ నుంచి జరీ తెప్పించుకుంటారు. మొగలి అత్తరు ఉత్తరాదికి పోతుంది. పలాస జీడిపప్పు రాష్ట్ర సరిహద్దు దాటి వస్తుంది. బిల్లు అడుగున చిన్న అక్షరాల్లో ఫలానా ఊరి కోర్టు పరిధికి లోబడి అన్న వాక్యం ఉంటుంది. దాన్ని చదివేవారు అరుదు. ఎ.బి.సి. లామినార్ట్ కేసులో 1989లో సుప్రీంకోర్టు పరిశీలించినది ఇటువంటి వాక్యాన్నే. గుజరాత్ తయారీదారుకు, సేలం వర్తకుడికి మధ్య జరీ వంటి లోహపు నూలు విషయమై తగాదా వచ్చింది. వివాదాలు గుజరాత్‌లోని కైరా కోర్టు పరిధికి లోబడి ఉంటాయని కాగితంలో ఉంది. ఆ మాట మిగతా కోర్టులను స్పష్టంగా తోసిపుచ్చలేదు గనుక సేలంలో వేసిన దావా చెల్లుతుందని కోర్టు చెప్పింది. వ్యాజ్యానికి కారణం ఏ మాత్రమూ పుట్టని చోటి కోర్టుకు ఒప్పందం ద్వారా అధికారం కట్టబెట్టలేమని కూడా చెప్పింది. అయితే 2013లో స్వస్తిక్ గ్యాసెస్ కేసులో, మాత్రమే అన్న పదం లేకపోయినా పక్షాల ఉద్దేశాన్ని బట్టి ఇతర కోర్టులు తొలగిపోవచ్చునని అదే న్యాయస్థానం తేల్చింది. కనుక సేలం వర్తకుడికి కలిసివచ్చిన వాదన నేడు మనకు కలిసిరాకపోవచ్చు. ఆ ఒక్క వాక్యం ఎలా ఉండాలో సరుకు బయలుదేరకముందే చూసిపెట్టడం వాణిజ్య న్యాయవాద సంస్థ చేసే పనుల్లో అత్యంత విలువైనదని నా నిశ్చితాభిప్రాయం.

2015 నాటి వాణిజ్య కోర్టుల చట్టం ఈ అవసరాన్ని మరింత పెంచింది. మొదట కోటి రూపాయలు, ఆపైన విలువ ఉన్న వాణిజ్య వివాదాలకే వర్తించిన ఆ చట్టం 2018 సవరణతో మూడు లక్షల నుంచే వర్తిస్తున్నది. అంటే ఒక మోస్తరు దుకాణదారు బాకీ దావా కూడా అందులోకి వస్తుంది. తక్షణ ఉపశమనం కోరని దావాకు ముందుగా మధ్యవర్తిత్వ ప్రయత్నం జరిగి తీరాలి. సమన్లు అందిన 120 రోజుల్లోగా ప్రతివాది జవాబు దాఖలు చేయకపోతే ఆ హక్కు పోతుంది. ఆపైన గడువు పెంచే అధికారం కోర్టుకు లేదు. ఒంటరి వకీలు మంచాన పడితే ఆ గడువు ఆయన కోసం ఆగదు. సంస్థ ఉంటే మరో భాగస్వామి ఆ పని అందుకుంటాడు.

ఇక సంస్థను కట్టే పద్ధతి. 1932 నాటి భాగస్వామ్య చట్టం ముసాయిదాను పరిశీలించిన ప్రత్యేక సంఘంలో దిన్షా ముల్లాతో పాటు నెల్లూరు సీమలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారు కూడా ఉన్నారు. ఆ చట్టం 42వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు ఒక భాగస్వామి మరణంతో సంస్థ రద్దవుతుంది. నూరేళ్లు నిలిచిన సంస్థలు నిలిచింది అదృష్టంతో కాదు, ఆ వేరే ఒప్పందాన్ని ముందే రాసుకున్నందువల్ల. వర్తకులకూ ఇదే వర్తిస్తుంది. పైగా నమోదు కాని భాగస్వామ్య సంస్థ తన ఒప్పందం మీద బయటివారిపై దావా వేయలేదని 69వ సెక్షన్ చెబుతున్నది. సరిహద్దుకు ఇరువైపులా అన్నదమ్ములు నోటిమాట మీద నడిపే ఎన్నో వ్యాపారాలు, బాకీ వసూలు చేయవలసిన రోజున ఈ సెక్షన్ దగ్గరే ఆగిపోతున్నాయి.

న్యాయవాదులు న్యాయవాదులతోనే భాగస్వామ్యం పెట్టుకోవాలి, ప్రకటనలు ఇచ్చుకోకూడదు. ఒకప్పుడు భాగస్వాములు ఇరవైమందికి మించరాదన్న పరిమితి ఉండేది. 2013 కంపెనీల చట్టం వృత్తి సంస్థలకు దాన్ని తొలగించింది. మనకు ఇరవైమంది అక్కర్లేదు. తెలుగు దస్తావేజులు చదవగలవారు ఒకరు, ఒడియాలో వ్యవహరించగలవారు ఒకరు, పన్నులు, కంపెనీల వ్యవహారం తెలిసినవారు ఒకరు కలిస్తే ఈ ఊళ్లో పని మొదలుపెట్టవచ్చు. భాగస్వామ్య పత్రంలో మరణానంతరం సంస్థ కొనసాగుతుందని, కాగితాలు వారసుల ఇంటికి కాక కార్యాలయానికే చెందుతాయని, కక్షిదారు అడిగితే ఆయన అసలు పత్రాలు తిరిగి ఇస్తామని స్పష్టంగా రాయాలి. ఇద్దరితో మాత్రం సరిపెట్టకండి. ఇద్దరిలో ఒకరు పోతే మిగిలిన ఒక్కరితో భాగస్వామ్యమే ఉండదు గనుక, కొనసాగింపు షరతు రాసుకున్నా అది పనిచేయదు. ముగ్గురితో మొదలుపెట్టండి.