ఇంటిపేరు ఏ గడిలో రాయాలి?

సభాధ్యక్షురాలికి, పిల్లల సంగీతం తరగతులు మానిపించి మరీ డాలస్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన అక్కచెల్లెళ్లకు, పెద్దమ్మలకు నమస్కారం. టెక్సస్ రిపబ్లికన్ మహిళల సమాఖ్య గురించి మాట్లాడమన్నారు. చరిత్రను త్వరగా ముగించి, చాలాకాలంగా నా మనసులో ముల్లులా ఉన్న ఒక ఫారం సంగతి చెబుతాను.

జాతీయ సమాఖ్యను మేరియన్ మార్టిన్ 1938లో షికాగోలో ఏర్పరచగా, టెక్సస్ సమాఖ్య 1955లో మొదలైంది. ఆనాడు ఓటు వేయాలంటే ఏటా జనవరి 31లోపు పోల్ పన్ను కట్టి రసీదు దాచుకోవలసి వచ్చేది. 1966 వరకు సాగిన ఆ పన్ను నల్లవారిని, మెక్సికన్ మూలాలవారిని, పేద తెల్లవారిని ఓటుకు దూరం పెట్టిందని సంప్రదాయవాదులమైన మనం కూడా దాచకుండా ఒప్పుకోవాలి. 1961లో మన పార్టీ అభ్యర్థి జాన్ టవర్ సెనేటర్‌గా గెలవడం వెనుక ఇంటింటికీ తిరిగి, కవర్లు అంటించిన ఆడవాళ్ల శ్రమ ఎంతో ఉందని నా నమ్మకం. కవర్లు అంటించడానికి వారిని వెంటనే పిలిచారు కాని, టెక్సస్ నుంచి ఒక మహిళ, కే బెయిలీ హచిసన్, సెనేట్‌లో అడుగుపెట్టడానికి మాత్రం 1993 దాకా ఆగవలసి వచ్చింది.

గ్రంథాలయాలకు పుస్తకాలు, విద్యార్థినులకు ఉపకార వేతనాలు, పోలింగ్ కేంద్రాల్లో సేవ, ఇవన్నీ మన స్థానిక క్లబ్బులు చేసే పనులే. నేను ఎంచుకున్నది ఓటర్ల నమోదు. టెక్సస్‌లో ఓటరు ఫారాలు స్వీకరించాలంటే కౌంటీ, అంటే మన జిల్లా లాంటి విభాగం, నుంచి స్వచ్ఛంద డిప్యూటీ రిజిస్ట్రార్‌గా నియామకం పొందాలి. ఆ నియామకం సరిసంఖ్య సంవత్సరం డిసెంబరు 31తో ముగుస్తుంది. తీసుకున్న ఫారానికి రసీదు ఇచ్చి, అయిదు రోజుల్లో అందజేయాలి. ఎదుటివారు ఏ పార్టీకి ఓటేస్తారో అడగకూడదు, ఎవరినీ కాదనకూడదు. 1923 కాకినాడ కాంగ్రెస్ ప్రదర్శనలో టికెట్ లేని నెహ్రూను గుమ్మం దగ్గరే ఆపిన బాలిక దుర్గాబాయిని తలచుకోండి. నియమం ముందు పెద్దాచిన్నా లేదన్న ఆ పట్టుదలే ఈ బల్ల దగ్గరా కావాలి.

ఇక నా తప్పు. ఒక కిరాణా కొట్టు ముందు బల్ల వేసుకుని కూర్చున్న రోజు, కొత్తగా పౌరసత్వం వచ్చిన ఒక పెద్దమ్మగారు వచ్చి, మన పద్ధతిలో మొదటి గడిలో ఇంటిపేరు రాయబోయారు. ఆ ఫారంలో మొదటి గడి ఇంటిపేరుదే! ఏళ్ల తరబడి ఇంటిపేరును చివర రాసి రాసి అలవాటుపడిన నేను, ఫారం సరిగా చూడకుండానే, "పెద్దమ్మా, ఇక్కడ పేరే ముందు రాయాలి" అని ఆవిడ చేత తిరగరాయించాను. ఓటరు కార్డు మీద పేరు, ఇంటిపేరు తారుమారై వచ్చాయి. పోలింగ్ రోజున గుర్తింపు పత్రంలో ఒకలా, జాబితాలో మరోలా పేరు కనబడేసరికి ఆవిడ ఇంటికి వెళ్లిపోవడానికి సిద్ధమయ్యారు. పోలింగ్ అధికారిణి ఆపి, పేరు వేరే గడిలో ఉన్నా అది దగ్గరి పోలికే అవుతుందని చెప్పి, అందుకోసం ఉన్న గడిలో పొడి అక్షరాలు వేయించి ఓటు వేయించారు. ఆ అధికారిణి ఏ పార్టీవారో నేను అడగలేదు.

ఒక్కమాట అడుగుతాను, సిగ్గుపడకుండా చేతులెత్తండి: మీ ఓటరు కార్డు మీద, డ్రైవింగ్ లైసెన్సు మీద పేరు ఒకేలా ఉందో లేదో ఎంతమంది సరిచూసుకున్నారు? చూశారా, నలుగురు. మన కౌంటీల్లో తెలుగు ఫారం లేదు. ఇంటిపేరు సంగతి, అత్తవారింటి పేరు మార్చుకోవడం సంగతి మనవాళ్లకు అర్థమయ్యేలా చెప్పగలిగినది మనమే. ఎన్నికకు 30 రోజుల ముందే నమోదు పూర్తి కావాలి కాబట్టి, దసరాకు చూద్దాంలే అనుకుంటే నవంబరు ఓటు పోయినట్టే. ఏ పార్టీ వారైనా సరే, రండి, శిక్షణ తీసుకోండి.

ఆ పెద్దమ్మగారు ఈరోజు రెండో వరుసలో కూర్చున్నారు. మరుసటి ఏడాదే ఆవిడా డిప్యూటీ అయ్యారు. సభ ముగిశాక కుడివైపు బల్ల నాది, ఎడమవైపుది ఆవిడది. ఇంటిపేరు విషయంలో ఏమాత్రం అనుమానం ఉన్నా ఎడమవైపే వెళ్లండి.